శనివారం వచ్చిన మిషన్

టైర్లు విప్పే మిషన్ సోమవారం వస్తుందనుకున్నారు. షోరూమువాళ్లు చింతపల్లికి వేరే లోడు ఉందని దాన్నీ అదే వ్యానులో ఎక్కించి శనివారం పొద్దున్నే పంపించేశారు. నర్సీపట్నం బలిఘట్టం రోడ్డులో కొండబాబు టైర్ల షాపు ముందు వ్యాను ఆగేసరికి, అతని భార్య నూకరత్నం ఒక స్కూటీ ట్యూబును నీళ్ల తొట్టెలో ముంచి బుడగలు ఎక్కడ లేస్తాయా అని చూస్తోంది. కొండబాబు ఒక లారీ కింద జాకీ సర్దుతున్నాడు. అతని తల్లి సింహాద్రమ్మ మాత్రం ఇద్దరికీ అన్నం క్యారేజీ ఇచ్చి ఇంటికి వెళ్లబోతూ, వ్యానులో తాళ్లతో కట్టి ఉన్న ఎర్రటి ఇనుప ఆకారాన్ని చూసి, రెండు చేతులూ చాచి దారికి అడ్డంగా నిలబడింది.

"ఈయాల ఏటి వారం?"

"శనివారం పిన్నిగారూ," అన్నాడు డ్రైవరు, దిగుతూ.

"శనివారం ఇనుము ఇంటికి తెత్తారా ఎవులైనా? మీ ఊళ్లో పెద్దోళ్లు లేరా?"

కొండబాబు లారీ కిందనుంచి తల బయటికి పెట్టాడు. "అమ్మా, అది ఒట్టి ఇనుము కాదే. మిషను."

"మిషను దేంతో సేత్తారు, బెల్లంతోనా?"

పక్కనే టీకొట్టు నడిపే తాతాజీ నవ్వాపుకోలేక పాలగిన్నె దించి బయటికొచ్చాడు. ఆ వ్యానులోనే వచ్చిన షోరూము కుర్రాడు వాచీ చూసుకున్నాడు. మిషన్ దింపి, బిగించి, ఎలా నడపాలో చూపించి సాయంత్రానికి వెనక్కి పోవాలి అతను. మళ్లీ ఎప్పుడు రాగలడో అతనికే తెలియదు.

కొండబాబుది మీనరాశి. ఏలినాటి శని నడుస్తోందని గుళ్లో పూజారి చెప్పిన దగ్గర్నుంచి సింహాద్రమ్మ కొడుకుని శనివారం కొత్త పానా కూడా కొననివ్వడం లేదు. జాకీ జారి కాలి మీద పడటం, బండి అద్దం పగలడం, చివరికి షాపు ముందు పడుకునే కుక్క అలిగి తాతాజీ కొట్టు ముందుకు మకాం మార్చడం కూడా ఆవిడ శని ఖాతాలోనే వేసింది.

"అప్పా, నాదొక మాట," అన్నాడు తాతాజీ సింహాద్రమ్మతో. "శని ఎవులికి తగులుతాది? కొన్నోళ్లకి. బిల్లు కొండబాబు పేరు మీద ఉంటే కదా ఆడికి తగిలేది."

సింహాద్రమ్మ చేతులు కొంచెం దిగాయి. ఆలోచించింది. చూపు నీళ్లతొట్టె దగ్గరున్న కోడలి మీద ఆగింది. నూకరత్నం ఆవిడకు కోడలే కాదు, సొంత తమ్ముడి కూతురు. పుట్టిన ఘడియ కూడా ఆవిడకు తెలుసు.

"ఇది వృషభరాశి. దీనికి శని మంచి తావులో ఉన్నాడు. దీని పేర రాయండి."

షోరూము కుర్రాడు ఎవరికో ఫోను చేశాడు. ఇలాంటి కారణానికి బిల్లు మార్చమని ఎవరూ అడగలేదని అవతలివాళ్లు అంటున్నట్టున్నారు. అతను వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, "ముసలావిడ రోడ్డు మీద నిలబడిపోయిందండి," అని చెప్పుకున్నాడు. కాసేపటికి పేరు మారింది. నూకరత్నం తడిచేతులు చీరకొంగుకి తుడుచుకుని కొబ్బరికాయ కొట్టింది. అత్త చెప్పినట్టు మిషన్‌కి పసుపు రాసి, బొట్టు పెట్టి, కుడికాలు ముందు పెట్టి లోపలికి నడిచింది. వెనక నలుగురు మగవాళ్లు రొప్పుతూ మిషన్‌ని తోసుకొచ్చారు.

"కొత్త పెళ్లికూతురు బాగా బరువుగా ఉంది," అన్నాడు తాతాజీ.

బిగింపు అయ్యేలోగా కొండబాబు లారీ పని పూర్తి చేసుకోవాలి. చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, గాలి తీసి, సుత్తితో చుట్టూ కొట్టి టైరు అంచును రిమ్ము నుంచి ఊడగొట్టాడు. రెండు లివర్లు దోపి, తలెత్తకుండానే, "ఊఁ," అన్నాడు. నూకరత్నం చెప్పులు విడిచి టైరు ఎక్కింది. అతను ఇటువైపు అంచు లేపుతుంటే అటువైపు అంచు పైకి రాకుండా మడమతో నొక్కిపట్టడం ఆమె పని. అతని లివరు ఒక జానెడు జరిగితే ఆమె మడమ ఒక జానెడు జరుగుతుంది. మాట అక్కర్లేదు. అతని భుజం కదలికను బట్టే ఆమె కాలు నడుస్తుంది.

షోరూము కుర్రాడు నిలబడి చూశాడు. ముచ్చటగానే అన్నాడు, "ఇంక ఈ కష్టం లేదు మేడమ్. ఇది ఉంటే రెండో మనిషి అక్కర్లేదు."

నూకరత్నం టైరు దిగి చెప్పులు తొడుక్కుంది. ఒక చెప్పు తిరగబడి ఉంటే కాలితోనే సరిచేసుకోవడానికి కాస్త ఎక్కువసేపు పట్టింది.

ఈ మిషన్ నర్సీపట్నంలో ఉండటానికి వచ్చింది కాదు. కొండబాబు వచ్చే నెల ఉగాండా వెళ్తున్నాడు. అక్కడ జింజా అనే ఊరి దగ్గర పంచదార ఫ్యాక్టరీలో నూకరత్నం అన్న రమేష్‌బాబు ఫిట్టరు. చెరుకు యార్డు పక్కన ఒక షెడ్డు అద్దెకు దొరికింది, టైర్ల షాపు పెట్టుకుంటే తిరుగులేదు రమ్మన్నాడు. సామాన్లు ముందుగా పెట్టెలో ఓడెక్కాలి. అక్కడికి వెళ్లాక నేర్పేవాడు ఉండడు గనక, మిషన్‌ని ఇక్కడ వారం రోజులు నడిపి, చెయ్యి తిరిగాక పెట్టెలో బిగించాలన్నది కొండబాబు ఆలోచన. నెలాఖరుకు ఈ షట్టరు ఫోను కవర్లు అమ్ముకునే అతనికి వెళ్లిపోతుంది. నూకరత్నం ఇంటి దగ్గర అత్తతో ఉంటుంది. కూతురు ఈశ్వరి చదువు ఎలాగూ ఇక్కడే. ఇదంతా ఒక సాయంత్రం ఫోనులో ముఖాలు చూసుకుంటూ బావా బావమరుదులు మాట్లాడుకున్నారు. అప్పుడు నూకరత్నం వెనకాలే చేపలు వేయిస్తోంది. ఆమె దగ్గర ఎవరూ ఏదీ దాచలేదు. ఆమెను ఎవరూ ఏదీ అడగలేదు.

*

ఆదివారం కొండబాబు మిషన్‌తో కుస్తీ పట్టాడు.

బలం తక్కువై కాదు, ఎక్కువై వచ్చింది చిక్కు. చక్రాన్ని బల్ల మీద బిగించి, పైనుంచి దిగే ఇనుప ముక్కును రిమ్ము అంచుకు ఆనించి, లివరుతో టైరు అంచును ఆ ముక్కు మీదకు ఎక్కించి, ఆ తర్వాత పెడలు తొక్కాలి. బల్ల దానంతట అదే తిరుగుతుంది, టైరు ఊడివస్తుంది. కొండబాబు చేతులకు అంతసేపు ఊరుకోవడం తెలియదు. బల్ల తిరుగుతుంటే అతనూ లివరు పట్టి లాగేవాడు. మిషన్ ఒకవైపు, అతను ఒకవైపు. ఒక పాత టైరు అంచు చిరిగింది. ఇంకోసారి మూడు పెడళ్లలో ఏది దేనికో మరిచి తొక్కితే, బిగింపులు ఊడి చక్రం బల్ల మీదినుంచి దొర్లి తాతాజీ కొట్టు దాకా వెళ్లింది.

"టీ తాగడానికొచ్చింది పాపం," అని తాతాజీ దాన్ని నిలబెట్టి వెనక్కి దొర్లించాడు.

నూకరత్నం పంచర్లు వేసుకుంటూ చూస్తూ ఉంది. ఆమె చూసింది మిషన్‌ని కాదు, అతని కాళ్లను. చేత్తో పనిచేసే మనిషి కాలు ఎప్పుడూ వెనకబడుతుంది. నేల మీద గట్టిగా పాతుకుని నిలబడటమే దానికి తెలుసు.

సోమవారం మధ్యాహ్నం కొండబాబు పాస్‌పోర్టు జిరాక్సుల కోసం ఊళ్లోకి వెళ్లాడు. అతను అటు వెళ్లగానే ఒక తెల్ల కారు కుంటుకుంటూ వచ్చి ఆగింది. అందులోంచి దిగిన వరలక్ష్మమ్మగారు హైస్కూల్లో లెక్కలు చెబుతారు.

"కొండబాబు లేడా అమ్మా? రెండింటికి క్లాసుంది నాకు."

లేడని చెప్పి పంపించేయవచ్చు. నూకరత్నం చక్రం విప్పి, గాలి తీసి, టైరు అంచు ఊడగొట్టింది. ఎత్తి బల్ల మీద పెట్టి, మధ్య పెడలు తొక్కింది. నాలుగు బిగింపులూ రిమ్మును పట్టుకున్నాయి. ముక్కు దించింది. సబ్బునీళ్లు అంచు చుట్టూ రాసింది. లివరు ఎక్కించి, ఒక్క క్షణం చేతులు వదిలేసింది. పాదం పెడలు మీద పెట్టింది. టైరు మీద నిలబడినప్పుడు ఒత్తిడి ఎంత ఉంచాలో, ఎప్పుడు జరగాలో ఆ పాదానికి ఏళ్లుగా అలవాటు. ఇప్పుడు భర్త భుజానికి బదులు బల్ల తిరుగుడు చూసుకుంది. టైరు చుట్టూ తిరిగి, పండు తొక్క ఒలిచినట్టు ఊడివచ్చింది.

లోపల ఇరుక్కున్న గుర్రపునాడా మేకు తీసి, లోపలినుంచి ప్యాచీ వేసి, మళ్లీ ఎక్కించింది. గాలి పడుతుంటే అంచు రెండుసార్లు టప్, టప్ అని కూర్చుంది. ఆ చప్పుడుకి వరలక్ష్మమ్మగారు ఉలిక్కిపడ్డారు. నూకరత్నం కూడా ఉలిక్కిపడింది. ఆ తర్వాత ఇద్దరూ నవ్వుకున్నారు.

"ఎవరమ్మా నీకు నేర్పింది?"

"ఎవులూ లేదండి. బేగి ఎల్లండి, గంట కొట్టేస్తారు."

ఆవిడ అంత సులువుగా వెళ్లిపోలేదు. తాతాజీని పిలిచి, ఈ అమ్మాయికి ఒక అల్లం టీ ఇయ్యి, నా లెక్కలో రాసుకో, అని చెప్పి మరీ కారెక్కారు. తాతాజీ టీగ్లాసు తెస్తూ, "ఓనరమ్మగారూ, టీ," అన్నాడు. బిల్లు సంగతి అప్పటికే రోడ్డంతా పాకింది. సాయంత్రానికి ఆటో స్టాండులో అందరూ అదే మాట పట్టుకున్నారు. "ఓనరమ్మగారూ, గాలి కొడతారా?" "ఓనరమ్మగారూ, మీ వర్కరు ఏడీ?" కొండబాబు కూడా నవ్వాడు. నవ్వుతూనే, ఆమె ఇంకో కారు చక్రం విప్పుతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"కాలు అలా మెల్లగా తియ్యాలా?"

"ఊఁ. నువ్వు దానికి సాయం సెయ్యకు బావా. దాని పని దాన్ని సెయ్యనీ."

అతను ప్రయత్నించాడు. పెదవి కొరుక్కుంటూ, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కాలుతో తొక్కాడు. టైరు చిరగకుండా ఊడింది. అతని ముఖంలో సంతోషం చూస్తే ఆమెకు ముద్దొచ్చింది. ఎండ ఆమె వైపు పడుతోందని గమనించి, అడక్కుండానే పట్టా లాగి కట్టాడు. మనిషి మంచివాడే. అదే కష్టంగా ఉంది.

మంగళవారం ఫోను కవర్ల అతను టేపు తెచ్చి షట్టరు కొలుచుకున్నాడు. గాలిమిషన్ ఉన్న మూల అద్దాల బల్ల పెడతానన్నాడు. నీళ్లతొట్టె తీసేస్తే నేల టైల్సు వేయొచ్చన్నాడు. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి లేక, "అమ్మా, కాస్త పడతావా," అన్నాడు. నూకరత్నం పట్టుకుంది. తన షాపు పొడవెంతో ఆమెకు ఆ రోజే తెలిసింది.

*

బుధవారం ఓడ సరుకు చూసే ఏజెంటు విశాఖపట్నం నుంచి ఫోను చేశాడు. పంపేవారి పేరు ఒకటి, బిల్లు మీద పేరు ఒకటి ఉంటే కుదరదన్నాడు. పెద్ద ఇబ్బందేమీ కాదు. ఈ మిషన్‌ని నా భర్తకు ఇస్తున్నాను, పంపడానికి నాకు అభ్యంతరం లేదు అని భార్య సంతకంతో ఒక కాగితం ఉంటే చాలు.

ఆ సాయంత్రం కొండబాబు కాగితం టైపు చేయించి తెచ్చాడు. నూకరత్నం ఇంట్లో కత్తిపీట ముందు కూర్చుని బీరకాయలు కోస్తోంది. సింహాద్రమ్మ మంచం మీద కూర్చుని గోరింటాకు ఆకులు దూస్తోంది. అతను కాగితం, పెన్ను ఆమె పక్కన పెట్టి, చెమట తుడుచుకుంటూ, "కిందన పెట్టు సంతకం. బేగి. రేప్పొద్దున్నే బస్సుకి పంపాలి," అన్నాడు.

ఆమె చేతులు కడుక్కొచ్చి కాగితం చదివింది. రెండు వాక్యాలే. మళ్లీ చదివింది. పెన్ను ముట్టుకోలేదు.

"పెట్టను బావా."

కొండబాబుకు మొదట అర్థం కాలేదు. "పెన్ను రాయట్లేదేటి?"

"పెన్ను రాత్తాది. నానే పెట్టను."

"ఏటి, తాతాజీ ఓనరమ్మ అన్నాడని నిజంగా ఓనరమ్మవైపోయావా?"

"అన్నాడని కాదు." ఆమె గొంతు పెరగలేదు. బీరకాయ ముక్కలను గిన్నెలోకి తోస్తూ మాట్లాడింది. "నిన్ను ఎల్లొద్దని నానన్లేదు. ఎల్లు. అన్నయ్య ఉన్నాడు, పని ఉంది, ఎల్లు. షాపు మటుకు ఉండనీ. మిషను ఉండనీ. నాను నడుపుకుంటాను."

"ఒక్కద్దానివా?"

"కార్లు, జీపులు, ఆటోలు, బళ్లు. లారీ వస్తే ఎదర షాపుకి ఎల్లమంటాను. నాకు సేతకానిది సేత్తానని అనను."

"మరి నానక్కడ దేంతో సెయ్యాలి? ఉత్త సేతులతోనా?"

"అది నాకు తెలీదు," అంది. ఆ మాట అన్నాక కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. అతను అడిగింది న్యాయమైన ప్రశ్నే. చిట్టీ పాడి, నగ కుదువపెట్టి కొన్న మిషన్. అతని ఆశ అంతా దాని మీదే ఉంది.

కొండబాబు తల్లివైపు తిరిగాడు. "సూడమ్మా నీ మేనకోడల్ని. నువ్వు శని శని అని పేరు మార్పించావు. ఇప్పుడు సూడు."

సింహాద్రమ్మ ఆకులు దూయడం ఆపలేదు. కోడలి ముఖం ఒకసారి చూసింది. కొడుకు ముఖం ఒకసారి చూసింది.

"శనివారం లోపలికొచ్చిన ఇనుము ఇల్లు దాటకూడదు," అంది.

"ఏటీ?"

"దాటకూడదు. దాటితే మంచిది కాదు. సముద్రం అసలే దాటకూడదు."

"ఇలాటి ఆచారం నానెప్పుడూ ఇన్లేదే."

"ఇప్పుడిన్నావు కదా."

కొండబాబు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. అన్నం వేళకు వచ్చాడు. నూకరత్నం బీరకాయ కూర రెండోసారి వడ్డిస్తే వద్దనలేదు. ఆ మాత్రం చాలనుకుంది ఆమె.

గిన్నెలు కడిగే దగ్గర అత్తను మెల్లగా అడిగింది. "నిజంగానే దాటకూడదా అత్తా?"

"నాకేటి తెలుసు," అంది సింహాద్రమ్మ. "మా అమ్మ శనివారం కొనొద్దని సెప్పింది. అమ్మొద్దనీ పంపొద్దనీ సెప్పేలోపు సచ్చిపోయింది. సెప్పుంటే ఇదే సెప్పుండేది."

*

గురువారం పొద్దున ఇద్దరూ ఒకే బండి మీద షాపుకి వచ్చి, చెరో మూల పని చేసుకున్నారు. ఎండ ముదిరే వేళకు చెరుకు ట్రాక్టరు ఒకటి వచ్చి ఆగింది. యలమంచిలి వైపు వెళ్తుంటే ట్రాలీ టైరు పగిలిందట. ట్రాలీ నిండా చెరుకు. చక్రం విప్పడానికే కొండబాబుకు చొక్కా తడిసిపోయింది.

నేల మీద పడేసిన ఆ చక్రాన్ని, పక్కనే ఉన్న ఎర్ర మిషన్‌ని ఒకసారి చూశాడు. మిషన్ బల్ల ఆ చక్రం ముందు పీటలా ఉంది. సుత్తి తీసుకున్నాడు. చుట్టూ కొట్టాడు, లివర్లు దోపాడు. అలవాటుకొద్దీ తలెత్తకుండానే, "ఊఁ," అన్నాడు.

అని, నాలుక కరుచుకున్నాడు. నిన్నటి సాయంత్రం నుంచి ఆమెతో అతను మాట్లాడిన మొదటి మాట అదే.

నూకరత్నం చెప్పులు విడిచి ఎక్కింది. లివరు జరిగింది, మడమ జరిగింది. సగం చుట్టు అయ్యాక అతనే అన్నాడు.

"అక్కడ ఇలా ఎవులు నిలబడతారు?"

"మనిషిని పెట్టుకో. ఆ దేశంలో మడమల్లేవా మనుషులకి?"

అతనికి నవ్వొచ్చింది. నవ్వితే లివరు జారుతుందని బిగబట్టాడు. ఆ పనిలో ఉండగానే తాతాజీ కొట్టులో పెట్టిన కొండబాబు ఫోను మోగింది. తాతాజీ దాన్ని ఎత్తి, రమేష్‌బాబు ముఖం కనబడేలా తెచ్చి పట్టుకున్నాడు.

"ఏటి బావా, పెట్టె కట్టేశావా?" అన్నాడు రమేష్‌బాబు.

"మీ సెల్లి కట్టనివ్వట్లేదు."

"ఆ కిందనున్నదేటి? చెరుకు ట్రాలీదా? ఓలప్పా, ఇక్కడికొచ్చి సూడు." రమేష్‌బాబు ఫోను తిప్పాడు. ఎర్రమట్టి యార్డు, చివరిదాకా ట్రాలీలు, వాటికి అవే పెద్ద పెద్ద చక్రాలు. మధ్యమధ్య మోటారు సైకిళ్లు. "ఇయ్యే బావా మనకి బేరాలు. పొద్దున లేస్తే ఇయ్యే."

"కార్లు?"

"మేనేజరుగారి కారొకటుంది. దానికి ఆయన డ్రైవరున్నాడు, పంచరైతే ఆడే సూసుకుంటాడు."

కొండబాబు లివరు వదిలి నడుం నిలబెట్టాడు. "మరి మిషను కొంటన్నానని సెప్తే మంచిదన్నావు?"

"మంచిదే అన్నాను. మిషను మంచిది కాదా? నువ్వే పెద్ద షాపులా ఉండాలన్నావు, సరే అన్నాను. ఇక్కడ కరెంటు దాని ఇష్టం బావా. డీజిలింజను గాలిమిషను ఇక్కడే సెకండుహ్యాండు సూసి ఉంచాను. నువ్వు తేవలసింది సేతి సామాను. మంచి జాకీలు, లివర్లు, ట్యూబులతికే కరెంటు లేని వేడి ప్రెస్సు. రిమ్ము మీది ఇనుప రింగు ఎగిరి ముఖానికి తగలకుండా చక్రాన్ని లోపలెట్టి గాలి కొట్టే బోను కూడా. అది ఇక్కడ ఎవులి దగ్గరా లేదు, అందరూ దేవుడి మీద భారమేసి కొట్టేస్తన్నారు."

"బోను మన వెల్డింగు కొండన్న కడతాడు," అంది నూకరత్నం, టైరు మీదినుంచి. "కమ్మీలతో. విప్పి మడిసేలా కట్టమంటే పెట్టెలో పడతాది."

"అదెవులు, సెల్లా? ఏటే, మిషను నీదంట కదా."

"బిల్లు నాది," అంది నూకరత్నం.

ఫోను పెట్టేశాక కొండబాబు మిగిలిన సగం చుట్టు పూర్తి చేశాడు. చక్రం మళ్లీ ట్రాలీకి బిగించి, ట్రాక్టరు వెళ్లిపోయాక, తొట్టె గట్టు మీద కూర్చుని చేతులు కడుక్కున్నాడు. ఎంత కడిగినా గోళ్లలో నలుపు పోదని అతనికి తెలుసు. అయినా కడుగుతూనే ఉన్నాడు.

"పంచర్లోడిలా దిగకూడదనుకున్నాను ఆ ఊళ్లో," అన్నాడు చివరికి. "ఇక్కడ నన్ను అందరూ అలాగే ఎరుగుదురు. అక్కడ కొత్త సోటు కదా. మిషనోడొచ్చాడు అనాలని."

నూకరత్నం కొంగు అందించింది, చేతులు తుడుచుకోమని. ఓదార్పు మాటలు ఆమెకు చప్పున రావు.

"బోనులో పెట్టి గాలి కొట్టినోడు ఆ ఊళ్లో ఒక్కడూ లేడంట," అంది. "ఒక్కడి ముఖమైనా నీవల్ల బాగుంటే, ఆడు నిన్ను ఏటని పిలిసినా ప్రేమగానే పిలుత్తాడు."

కొండబాబు జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. తడిచేతులకు అప్పటికే సగం ఉబ్బింది. దాన్ని తుంచి, టైరు లోపలి తడి తుడిచే గుడ్డపీలికల డబ్బాలో పడేశాడు. తర్వాత ఫోను కవర్ల అతనికి తనే ఫోను చేసి, ఏమనుకోవద్దని, షట్టరు ఖాళీ అవడం లేదని చెప్పాడు. అవతల అతను చాలాసేపు మాట్లాడినట్టున్నాడు. కొండబాబు "అవునండి, తప్పు నాదేనండి," అంటూ టీకొట్టు దాకా నడిచి, మళ్లీ వెనక్కి నడిచాడు.

"అక్కడ షాపుకి నీ పేరే పెడతాను," అన్నాడు ఫోను జేబులో పెట్టుకుంటూ, రాజీకి వచ్చిన మనిషిలా.

"నా పేరు అక్కడెందుకు? నన్నక్కడ ఎవులెరుగుదురు? ఇక్కడెట్టు."

*

శుక్రవారం రెండు పోగులు పెట్టారు. ఓడెక్కేవి గుమ్మం వైపు, ఉండిపోయేవి గోడ వైపు. పెద్ద జాకీలు, సుత్తులు, పొడవు లివర్లు, వేడి ప్రెస్సు, గాలి కొలిచే గేజి ఒకటి, వాల్వు పిన్నులు, ప్యాచీల డబ్బాలు గుమ్మం వైపు వెళ్లాయి. కొండన్న రాత్రికి రాత్రే కట్టిన బోను మడిస్తే చాపలా ఒదిగింది. అతను దానికి అడక్కుండానే ఆకుపచ్చ రంగు కూడా వేశాడు. సముద్రపు గాలికి తుప్పు పడుతుందని చెప్పి, రంగుకి ఏమీ తీసుకోలేదు.

ఒక పొట్టి లివరు దగ్గర తగాదా వచ్చింది. అతను గుమ్మం వైపు పెట్టేవాడు, ఆమె గోడ వైపు పెట్టేది. రెండుసార్లు అలా అటూ ఇటూ తిరిగాక, తాతాజీ దాన్ని తీసుకుని వెళ్లి బొగ్గులు కదపడానికి వాడుకుంటానన్నాడు. అప్పుడు ఇద్దరూ ఒక్కటై అతని మీద పడ్డారు. చివరికి అది గోడ వైపు మిగిలింది. సింహాద్రమ్మ వచ్చి, గుమ్మం వైపున్న ఇనుములో ఏదైనా శనివారం కొన్నది ఉందా అని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడిగింది. లేదనిపించుకున్నాక, కోడలు కట్టిన ఆవకాయ సీసాను వేడి ప్రెస్సు పక్కన గుడ్డలో చుట్టి దూర్చింది.

ఆదివారం పెట్టె వెళ్లిపోయింది. సోమవారం పొద్దున కొండబాబు అలవాటుగానే షాపుకి వచ్చాడు. ప్రయాణానికి ఇంకా రోజులున్నాయి. తన సామానంతా వెళ్లిపోయిందన్న సంగతి, చెయ్యి సుత్తి కోసం గోడవైపు వెళ్లినప్పుడు గుర్తొచ్చింది. గోడకు మేకులు మాత్రం ఉన్నాయి.

కొయ్యూరు నుంచి ఒక జీపు దిగింది. నిండా మనుషులు, పైన చింతపండు బస్తాలు. డ్రైవరు భీమన్న వెనక చక్రం చూపించి, "ఘాట్లో రాయి దిగింది బాబూ. సంతకి ఎల్లాలి. ఎవులు సేత్తారు?" అన్నాడు.

కొండబాబు నోరు తెరిచి, మూసి, గడ్డంతో భార్యవైపు చూపించాడు.

నూకరత్నం అప్పటికే చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంటోంది. జీపులోని ఆడవాళ్లు దిగి మిషన్ చుట్టూ చేరారు. చక్రాన్ని విప్పి నిలబెట్టగానే కొండబాబు సాయానికి రెండడుగులు ముందుకేశాడు. ఎక్కడ నిలబడాలో తెలియలేదు. ఇటు నిలబడితే గాలి పైపుకు అడ్డం, అటు నిలబడితే ఆమె వెలుతురుకి అడ్డం. కాసేపు అటూ ఇటూ చూసి, బయట బేరగాళ్లు కూర్చునే బల్ల మీద, భీమన్న పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆ బల్ల మీద కూర్చోవడం అతనికి అదే మొదలు. దానికి ఒక కాలు పొట్టిదని, ఊగుతుందని అతనికి తెలియదు.

"ఈ బల్ల ఊగుతాది," అన్నాడు ఆశ్చర్యంగా.

"ఎప్పుట్నుంచో ఊగుతాది బాబూ," అన్నాడు భీమన్న.

తాతాజీ రెండు టీలు తెచ్చాడు. ఇద్దరూ కాళ్లు చాపుకుని తాగుతూ కూర్చున్నారు. లోపల టైరు అంచు టప్ అని కూర్చుంది, కాసేపటికి ఇంకోసారి. చూస్తున్న ఆడవాళ్లలో ఒకామె చప్పట్లు కొట్టబోయి సిగ్గుపడి ఆపుకుంది. నూకరత్నం గాలి చూసి, మూత బిగించి, చక్రాన్ని నిలబెట్టి, అరచేత్తో దొర్లించుకుంటూ జీపు వైపు వచ్చింది. దారిలో బల్ల ముందు ఆగింది.

"కాళ్లు తియ్ బావా," అంది.

కొండబాబు కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.